ఇటుక బట్టీ దగ్గర రేషన్ ఎక్కడ ఆగుతోంది

హైదరాబాద్ చుట్టూ పొలాలు వెంచర్లవుతున్నాయి. అక్కడి బట్టీల్లో ఇటుకలు కోసేవాళ్లలో చాలామంది ఒడిశాలోని బలంగీర్, నువాపడ నుంచి అడ్వాన్సు తీసుకుని వచ్చిన కుటుంబాలే. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. ఆ కూలితో బియ్యం కొనడం అనవసరం. వాళ్ల కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదై, ఆధార్ జతై ఉంటే ఇక్కడి రేషన్ షాపులోనూ మనిషికి నెలకు 5 కిలోలు ఉచితం. కొంత ఇక్కడ తీసుకుని, మిగతాది ఊళ్లో ముసలివాళ్లకు వదలొచ్చు.

అసలు చిక్కు వేలిముద్ర. రోజంతా తడి మట్టి, ఇసుక రుద్దుకుని గీతలు అరిగిపోతాయి, మిషన్ పట్టదు. చేతులు కడిగి, ఆరాక వేరే వేలు పెట్టించాలి. లేదా కార్డులో పేరున్న ఇంకొకరిని పంపాలి. ఒక్కసారి పడలేదని తిప్పి పంపడం ఘోరం. కార్డులో పేరు లేని పసిపిల్లలకు మాత్రం బియ్యం రావు. బయల్దేరేముందే ఊళ్లో ఎక్కించుకోవాలి.