చివరి మాట లేకుండా వెళ్లిపోయినవారి రక్షణ

మన క్రైస్తవ కుటుంబాల్లో ఒకరు ప్రభునందు నిద్రించారన్న కబురు తెలిసి ఇంటికి వచ్చిన బంధువులు, సంఘస్థులు కాసేపు ఏడ్చి, కాసేపు మౌనంగా కూర్చున్న తరువాత మెల్లగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "చివరి ఘడియల్లో ఏమైనా మాట్లాడారా? ప్రభువు పేరు తలచుకున్నారా?" ఈ ప్రశ్నలో కుతూహలం కంటే ప్రేమే ఎక్కువ. "యేసయ్యా అంటూనే వెళ్లిపోయింది" అనో, "కీర్తన పాడించుకొని ప్రశాంతంగా కన్నుమూశాడు" అనో చెప్పగలిగిన కుటుంబానికి ఆదరణ కూడికలో ఆ ఒక్క మాట ఎంత బలమిస్తుందో నేను చాలా ఇళ్లలో చూశాను. అటువంటి సాక్ష్యాలు దేవుడిచ్చే వరాలు. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే అటువంటి మాట ఏదీ మిగల్చకుండా వెళ్లిపోయేవారు కూడా మన మధ్య ఉన్నారు. కోమాలో వెళ్లిపోయినవారు, రోడ్డు ప్రమాదంలో క్షణంలో పోయినవారు, వెంటిలేటరు గొట్టాల మధ్య నోరు మెదపలేక పోయినవారు, మతి పూర్తిగా తప్పిపోయి తమ పేరు కూడా తామెరగని స్థితిలో పోయినవారు. మా అమ్మ ఈ చివరి వరుసలోని మనిషి. ఆమెకు రక్షణ ఉందా, అంటే ఆమె దేవుని దగ్గరకు చేరిందా అని ఆమె పోయిన నాటి నుండి నన్ను వెంటాడిన ప్రశ్న గురించి, నాకు దొరికిన ఆదరణ గురించి ఇక్కడ వ్రాస్తున్నాను.

అమ్మ గుంటూరు ప్రాంతపు లూథరన్ కుటుంబంలో పుట్టింది. పసికందుగా ఉన్నప్పుడే బాప్తిస్మం పొందింది. పదాజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన అర్థ సహితంగా అప్పజెప్పి నిర్ధారణ (సంఘంలో పూర్తి సభ్యత్వం) పొందిన తరానికి చెందిన మనిషి. స్త్రీల సమాజంలో ప్రార్థన చేయవలసి వస్తే అందరూ ఆమె వైపే చూసేవారు. అటువంటి మనిషి జ్ఞాపకం కొద్దికొద్దిగా తరిగిపోవడం మేము దగ్గర ఉండి చూశాము. మొదట పొయ్యి మీద పెట్టిన గిన్నె మరచిపోయింది, తరువాత మనుమల పేర్లు, ఆ తరువాత మా ముఖాలు. ఇరవై మూడవ కీర్తన మొదలుపెట్టి "పచ్చికగల చోట్ల" దగ్గర ఆగిపోయి, మళ్లీ మొదటికి వచ్చి, చివరికి విసుగుతో ఊరకుండేది. వ్యాధి ముదిరిన తరువాత అయ్యగారు (మా పాస్టరు) ప్రభువు బల్ల సంస్కారపు రొట్టె తెచ్చిన రోజున ఆమె ముఖం పక్కకు తిప్పుకొని పెదవులు బిగించింది. ఆయన బలవంతపెట్టలేదు, ఆమె తల మీద చేయి ఉంచి ఆశీర్వచనం పలికి వెళ్లిపోయారు. ఆ తరువాత ఆమె నోట మాటే లేకుండా పోయింది.

మరణంలో ఎడబాటు ఒక దుఃఖం. దాని వెనుక నక్కి ఉండే రెండవ దుఃఖం గురించి మనం సంఘాల్లో అంతగా మాట్లాడుకోము. పోయినవారు నిజంగా క్షేమంగా ఉన్నారా అన్న సందేహమే ఆ రెండవ దుఃఖం. పగలు వచ్చేపోయేవారితో, భోజనాల ఏర్పాట్లతో, సమాధి పనులతో అది కనబడదు. రాత్రి అందరూ నిద్రపోయాక లేచి కూర్చుంటుంది. విశ్వాసమంటే మనసుతో నమ్మడం అయితే, ఆ మనసే చెరిగిపోయిన మనిషిలో విశ్వాసం ఎక్కడ ఉన్నట్టు? ముఖం తిప్పుకొన్నది వ్యాధా, ఆమేనా? అదే రోజుల్లో ఒక కూడికలో ప్రసంగీకుడు "అంతమువరకు సహించినవాడెవడో వాడే రక్షింపబడును" అన్న వాక్యాన్ని ఎత్తి, ఆఖరి శ్వాసలో ప్రభువును ఒప్పుకోనివాడి సంగతి ఏమిటని గట్టిగా అడిగాడు. ఆయనకు మా ఇంటి సంగతి తెలియదు. కానీ మత్తయి 24వ అధ్యాయంలో ప్రభువు ఆ మాట చెప్పినది హింసల గురించి, అబద్ధ ప్రవక్తల గురించి, అక్రమం విస్తరించి ప్రేమ చల్లారిపోయే కాలం గురించి. మెదడు కణాలు నశించిపోతున్న ఒక వృద్ధురాలు చివరి గంటలో పలకలేకపోయిన మాట గురించి కాదు. ఆ వాక్యాన్ని అక్కడికి లాగడం తప్పని నేను నిశ్చయంగా నమ్ముతున్నాను.

ఆ దినాల్లో యోహాను సువార్త 11వ అధ్యాయం చదువుతుండగా, ఎన్నిసార్లు చదివినా అంతకుముందు గమనించని సంగతి ఒకటి నా కంటపడింది. మార్త, మరియల సహోదరుడు, యేసు మృతులలో నుండి లేపిన లాజరు పలికిన మాట ఒక్కటి కూడా ఆ సువార్తలో లేదు. జబ్బుపడినప్పుడు ఏమన్నాడో, చనిపోయేటప్పుడు ఏమన్నాడో, సమాధిలో నుండి బయటికి వచ్చాక ఏమన్నాడో యోహాను వ్రాయలేదు. అంతకంటే ముఖ్యమైనది, యేసు ప్రభువు బేతనియకు వచ్చినప్పుడు మార్తను గానీ మరియను గానీ "మీ తమ్ముడు చివరిలో ఏమన్నాడు? నన్ను తలచుకున్నాడా?" అని అడగలేదు. ఆయన మార్తతో "పునరుత్థానమును జీవమును నేనే" అని తన గురించి చెప్పి, "ఈ మాట నమ్ముచున్నావా?" అని బ్రతికి ఉన్న ఆమెను అడిగాడు. చనిపోయినవాడి లెక్క ఆయన చేతిలోనే ఉంది కాబట్టి దాని గురించి ఎవరినీ విచారించవలసిన అవసరం ఆయనకు లేదు.

పౌలు థెస్సలొనీకయులకు వ్రాసినప్పుడూ ఇదే క్రమం. తమలో కొందరు ప్రభువు రాకడకు ముందే చనిపోయారు, వారి గతి ఏమిటని ఆ సంఘం కలవరపడుతోంది. మనమైతే ఆ చనిపోయినవారి భక్తిని, వారి చివరి సాక్ష్యాన్ని గుర్తుచేసి ఓదార్చి ఉండేవాళ్లము. పౌలు వారి మరణాల గురించి ఒక్క వివరం చెప్పడు. యేసు మృతిపొంది తిరిగి లేచెనని నమ్మినయెడల, ఆయనయందు నిద్రించినవారిని దేవుడు ఆయనతో కూడ వెంటబెట్టుకొని వచ్చునని మాత్రం చెబుతాడు. ఆదరణ ఆనుకొని ఉన్నది వారు ఎలా చనిపోయారన్న దాని మీద కాదు, క్రీస్తు ఎలా చనిపోయి లేచాడన్న దాని మీద. నా ప్రశ్న తప్పు చోట జవాబు వెదుకుతోందని అప్పుడు అర్థమైంది. నేను అమ్మ పడక దగ్గర వెదుకుతున్నాను. అపొస్తలుడు నన్ను సిలువ దగ్గరకు, ఖాళీ సమాధి దగ్గరకు వెళ్లి చూడమంటున్నాడు.

యేసు పక్కన సిలువ వేయబడిన దొంగ, తనను జ్ఞాపకం చేసుకోమని చివరి క్షణంలో నోరు తెరిచి అడిగాడు కదా అని ఎవరైనా అనవచ్చు. అడిగాడు, నిజమే. కానీ అతనికి పరదైసులో, అంటే దేవుని సన్నిధిలో, చోటు దొరికినది తన మాట చక్కగా పలికినందుకు కాదు, పక్కన వేలాడుతున్నవాడు ఎవరో అందుకు. గొఱ్ఱెలను గురించి ప్రభువు "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్నాడు గానీ, అవి నా చేతిని గట్టిగా పట్టుకొని ఉన్నంత కాలమే అనలేదు. పొలం దస్తావేజు ఎక్కడ దాచిందో, అసలు పొలం ఉందో లేదో కూడా ముసలితనంలో మరచిపోయిన తల్లికి ఆ పొలం మీద హక్కు పోదు. రిజిస్ట్రారు పుస్తకంలో ఆమె పేరు అలాగే ఉంటుంది. "మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నవని సంతోషించుడి" అని ప్రభువు శిష్యులతో చెప్పాడు. ఆ పేరు వ్రాసినది అమ్మ జ్ఞాపకం కాదు కాబట్టి, ఆమె జ్ఞాపకంతో పాటు అది చెరిగిపోదు.

శిశు బాప్తిస్మం విషయంలో మన సంఘాల మధ్య భేదాలు ఉన్నాయి. బాప్తిస్టు సహోదరులతో, పెంతెకొస్తు స్నేహితులతో ఈ సంగతి మీద వాదించడానికి ఇది సమయం కాదు. లూథరన్‌గా పెరిగిన నాకు అది ఏ ఆదరణ ఇచ్చిందో మాత్రం చెబుతాను. అమ్మకు తన పేరు కూడా తెలియని వయసులో, అడగడం రాని నోటికి, దేవుడు తన కృపను వాగ్దానం చేశాడు. ఆనాడు ఆమె ఎరుగకపోవడం ఆయనకు అడ్డు కాలేదు. చివరి సంవత్సరాల్లో మళ్లీ ఎరుగని స్థితికి వచ్చినప్పుడు మాత్రం అది అడ్డు ఎందుకవుతుంది? యెషయా 46వ అధ్యాయంలో బబులోను దేవతల విగ్రహాలను పశువుల మీద మోసుకొని పోవలసి వస్తుందని చెప్పిన వెంటనే, యెహోవా తన ప్రజలతో గర్భమున పుట్టినది మొదలుకొని మిమ్మును మోసినవాడను నేనే, ముదిమి వచ్చువరకు, తల వెండ్రుకలు నెరయువరకు ఎత్తికొనువాడను నేనే అంటాడు. మోయబడేవాడికి మోసేవాడి పేరు గుర్తుండాలన్న షరతు అక్కడ లేదు. గలతీయులకు వ్రాస్తూ పౌలు, మీరు దేవుని ఎరిగినవారు అన్న వెంటనే, మరి విశేషముగా దేవునిచేత ఎరుగబడినవారు అని సరిచేసుకోవడం కూడా నాకు ఈ వెలుగులోనే అర్థమైంది.

ఇంత నిశ్చయత ఉన్నవారికి ఏడుపు ఎందుకు అని మన ఇళ్లలో కొందరు అడుగుతారు. "ఏడవకండి, ప్రభువు దగ్గరకు వెళ్లారు, సంతోషించాలి" అంటూ గుండె పగిలిన మనిషి నోరు నొక్కేస్తారు. ఇది వాక్యానుసారమైన ఓదార్పు కాదు. లాజరును ఇంకాసేపటిలో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. క్రీస్తు కోసం రాళ్లతో కొట్టబడిన స్తెఫను పరలోకం తెరవబడడం చూస్తూ చనిపోయాడు. అంతకు మించిన సాక్ష్యం ఎవరికి ఉంటుంది? అయినా భక్తిగల మనుష్యులు అతన్ని సమాధిచేసి అతని గురించి బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు చెబుతున్నది. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని పౌలు అన్నాడే గానీ, దుఃఖపడవద్దని అనలేదు.

మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ కుమార్తె మగ్దలేనా 1542 సెప్టెంబరు 20న, పదమూడేళ్ల వయసులో, తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. విశ్వాసం వల్లనే నీతిమంతులుగా తీర్చబడతామని యూరపు అంతటికీ బోధించిన ఆ మనిషి, మూడు రోజుల తరువాత స్నేహితుడు యూస్టుస్ యోనాస్‌కు ఉత్తరం వ్రాస్తూ, ఇంత ధన్యమైన మరణానికి తానూ భార్యా కృతజ్ఞతలు చెప్పవలసి ఉన్నా, సహజమైన ప్రేమ బలం వల్ల ఏడవకుండా ఉండలేకపోతున్నామని ఒప్పుకొన్నాడు. బిడ్డ రక్షణ మీద ఆయనకు సందేహం లేదు, అయినా ఆయన దుఃఖానికి అడ్డూ లేదు. ఆ రెండూ ఒకే గుండెలో ఉండవచ్చునని చూపినందుకు నేను ఆయనకు ఋణపడి ఉన్నాను. (సరిగ్గా మూడు వందల ఏళ్లకు, 1842లో, అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరి లూథరన్ సేవ మొదలుపెట్టారు. మా తాతముత్తాతలకు సువార్త అందిన దారి అదే కాబట్టి ఈ సంవత్సరాలు నాకు గుర్తుండిపోయాయి.)

మరొకరి సంగతి కూడా చెప్పాలి. ఆంగ్ల కవి విలియం కౌపర్ క్రీస్తు రక్తాన్ని గురించి అద్భుతమైన కీర్తనలు వ్రాశాడు. స్నేహితుడైన పాదిరి జాన్ న్యూటన్‌తో కలిసి ఆయన కూర్చిన కీర్తనల సంపుటి 1779లో వెలువడింది. కానీ 1773లో తీవ్రమైన మానసిక వ్యాధికి లోనైన నాటి నుండి, దేవుడు తనను విడిచిపెట్టేశాడన్న తలంపు ఆయనను వదలలేదు. 1800లో చనిపోయే వరకు అదే అంధకారం. ఆయనను బాగా ఎరిగిన న్యూటన్ మాత్రం ఆయన రక్షణ విషయంలో నిరాశపడలేదు. రక్షణ వేరు, రక్షణ నిశ్చయత వేరు అని మన పెద్దలు ఎందుకు చెప్పేవారో కౌపర్ జీవితం చూస్తే తెలుస్తుంది. నిశ్చయత మన లోపల కలిగే అనుభవం. వ్యాధి దాన్ని కప్పివేయగలదు, దుఃఖం కప్పివేయగలదు. రక్షణ క్రీస్తు చేసి ముగించిన కార్యం. మన హృదయం మన మీద దోషారోపణ చేసినప్పుడు దేవుడు మన హృదయముకంటె అధికుడు అని యోహాను వ్రాసిన మాట చనిపోయినవారికే కాదు, వారి కోసం రాత్రులు మేల్కొని ఉన్న మనకు కూడా వర్తిస్తుంది.

ఇది చదువుతున్నవారిలో వేరొక బాధ ఉన్నవారు ఉంటారని నాకు తెలుసు. "మీ తల్లికి అరవై ఏళ్ల విశ్వాస జీవితం ఉంది, మా నాన్నగారికి అదీ లేదే, ఆయన ఎన్నడూ ప్రభువును ఒప్పుకోలేదే" అనేవారికి నేను అబద్ధపు ఊరట చెప్పలేను. వారి విషయంలో తీర్పు చెప్పే అధికారం నాకు గానీ, ఆదరణ కూడికలో మైకు పట్టుకొన్నవారికి గానీ లేదు. చివరి గంటలో ఆ హృదయానికీ దేవునికీ మధ్య ఏమి జరిగిందో మనకు కనబడదు. "సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అని అబ్రాహాము దేవుని ఎదుటనే నిలిచి అడిగాడు, మనమూ ఆ ప్రశ్నతో ఆయన ఎదుట నిలువవచ్చు. ఆయన మనకంటే న్యాయవంతుడు, మనకంటే కనికరము గలవాడు. అంతకు మించి నేను పలికితే అది నా మాటే అవుతుంది.

అమ్మ లేని మొదటి ఏడాది నన్ను నిలబెట్టినది గొప్ప అనుభవం ఏదీ కాదు, ఆదివారపు సంస్కార ఆరాధన. దూతలతోను, ప్రధాన దూతలతోను, పరలోక సమూహమంతటితోను కలిసి స్తుతిస్తున్నామని అయ్యగారు చదివేటప్పుడు, ఆ సమూహంలో ఆమె ఉందని నేను నమ్మి, బల్ల దగ్గరకు వెళ్లి మోకరించాను. కొన్ని వారాలు ఆ నమ్మకం బలంగా ఉండేది, కొన్ని వారాలు సన్నగిల్లేది. రొట్టె మాత్రం రెండు రకాల వారాల్లోనూ ఒకటే.

కాబట్టి సంఘస్థులకు నా మనవి ఒక్కటే. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లినప్పుడు చివరి మాట ఏమిటని అడగకండి. వారే చెబితే వినండి. రోమా 8వ అధ్యాయం చివరి రెండు వచనాలు నెమ్మదిగా చదవండి. మరణమైనను జీవమైనను అని పౌలు మొదలుపెట్టిన ఆ వరుసలో మతిమరుపు కూడా చేరి ఉందని చెప్పండి. ఆ తరువాత పోయినవారి గురించి వారిని మాట్లాడనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. నెలలు గడిచి ఆ ఇంటికి ఎవరూ రాని రోజుల్లో మళ్లీ ఒకసారి వెళ్లండి, ఎందుకంటే ఆ సందేహం ఎక్కువగా అప్పుడే వస్తుంది.