వంద మందికి ఎంత వండించాలి?

పెళ్లి భోజనంలో లెక్క తప్పేది ఎక్కువగా అన్నం దగ్గరే. కూరలు, పులిహోర, స్వీట్లు ఉన్న మధ్యాహ్న భోజనమైతే వంద మందికి 10 నుంచి 12 కిలోల బియ్యం చాలు. పులిహోరకి విడిగా 3 కిలోలు. ముద్దపప్పుకి కందిపప్పు 3 కిలోలు, సాంబారుకి ఇంకో 2, పెరుగు 10 లీటర్లు. బిర్యానీ పెడుతుంటే కిలో బియ్యానికి ఎనిమిది మందిని వేసుకుని, తెల్లన్నం 3 కిలోలకి దించేయండి. పదేళ్లలోపు పిల్లలు ఇద్దరైతే ఒక్కరి కింద లెక్క.

బియ్యం మొత్తం ఒకేసారి ఎసట్లో పోయించకండి, ఎవరు తొందరపెట్టినా సరే. మూడింట రెండొంతులు ముందు వండించి, మిగతాది కడక్కుండా పక్కన పెట్టించండి. గంగాళంలో అన్నం సగానికి దిగగానే రెండో విడత పడాలి. అప్పటికే ఎసరు మరుగుతుంటే అరగంటలోపే అన్నం దిగుతుంది. చన్నీళ్లతో మొదలుపెడితే బంతి మధ్యలో విస్తళ్ల ముందు జనం ఎదురుచూస్తారు. వండకుండా మిగిలిన బియ్యం ఇంటికొస్తుంది, మిగిలిన అన్నం పారబోతే.

విశాఖ ఉక్కపోతని లెక్కలో వేయాల్సిందే. మే నెలలో భీమిలి రోడ్డు వైపు ఆరుబయట విందు అంటే మనిషికి లీటరు నీళ్లు, వంద మందికి 20 లీటర్ల మజ్జిగ పెట్టుకోండి. రాత్రి భోజనానికి పెరుగు ముందురోజు తోడుపెడితే వడ్డించే వేళకి పులిసిపోతుంది. ఆ ఉదయమే తోడువేయించండి. అర్ధరాత్రి ముహూర్తమైతే ఎక్కువమంది తొమ్మిదింటికే తినేసి వెళ్తారు. తాళి కట్టాక తినే దగ్గరివాళ్లకి కూర, పప్పు ముందే విడిగా తీయించి మూత పెట్టించండి.