575 అనే అంకె దాటి రేనాటి రాళ్లను చదువుదాం

కలమళ్ల శాసనం అనగానే మనకి గుర్తొచ్చేది ఒకటే, తెలుగులో దొరికిన మొట్టమొదటి శాసనం, క్రీ.శ. 575. ప్రాచీన హోదా గురించి మాట్లాడినా, మాతృభాషా దినోత్సవం రోజు పోస్టులు పెట్టినా అక్కడితో ఆగిపోతాం. అసలు ఆ సంవత్సరం రాతి మీద లేనే లేదు, అక్షరాల తీరు చూసి పండితులు సుమారుగా కట్టిన లెక్క అది. రాతి మీద ఉన్నవి మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు. వాటిని ఎవరూ పట్టించుకోకపోవడమే నాకు బాధ.

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్లలో, చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోది ఈ రాయి. ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడు, అంటే ఇప్పటి కడప చుట్టుపక్కల సీమ, ఏలుతుండగా, చిఱుంబూరి రేవణకాలు అనే ఆయన పంపున, అంటే ఆజ్ఞతో, వేయించింది. కొన్ని పంక్తులు పూర్తిగా అరిగిపోయాయి, చివర్లో దీన్ని చెడగొట్టినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయనే హెచ్చరిక మాత్రం ఆనవాలు కడుతుంది. ఇంత చిన్న రాతలోనే చూడండి, పైన ఒక రాజు, ఆయన కింద ఒక ఊరి పేరు ఇంటిపేరులా పెట్టుకున్న అధికారి, ఆ మాట అమలయ్యే ఇంకో ఊరు. చిఱుంబూరు అంటే ఇప్పటి చిలమకూరే అని గుర్తించారు, అది ఎర్రగుంట్ల పక్కనే ఉంది! అంటే ఆరో శతాబ్దంలో ఈ నేల మీద పాలన ఏ ఊళ్ల మధ్య నడిచిందో మనం ఇవాళ బండి వేసుకుని తిరిగి చూడొచ్చు.

కమలాపురం దగ్గరి ఎర్రగుడిపాడు శాసనం నాకు ఇంకా ఇష్టం. అదీ ఎరికల్ ముత్తురాజుదే. కొట్టంలోని ఒక పాఱకి, అంటే బ్రాహ్మణుడికి, పన్నసగా, అంటే దానంగా, భూమి ఇచ్చిన సంగతి అందులో ఉంది. దానం కన్నా దాని సాక్షులు ముఖ్యం, వరుసగా ముత్తురాజులు, దుకరాజులు అనే బిరుదులున్న చిన్న దొరలు కనిపిస్తారు. రాజు ఒక్కడే నిర్ణయించి ఇచ్చేస్తే ఇంతమంది పేర్లు చెక్కించాల్సిన పనేముంది? ఈ చిన్న చిన్న దొరల ఒప్పుదల లేకుండా రేనాట్లో భూమి చేతులు మారేది కాదని నేను అర్థం చేసుకున్నాను. ఏ కావ్యమూ, ఏ పురాణమూ వీళ్లని తలుచుకోదు. ఆ రాయి లేకపోతే వాళ్లు మనకి లేనట్టే.

రాయి ఒక్కటే చాలదనీ ఒప్పుకోవాలి. ధనంజయుడు ఎవరి కొడుకో కలమళ్ల చెప్పదు. అదే వంశంలో తర్వాతి రాజు పుణ్యకుమారుడు వేయించిన మాలేపాడు రాగిరేకుల్లో వంశక్రమం ఉంది: నందివర్మ, ఆయన కొడుకులు సింహవిష్ణు, సుందరనంద, ధనంజయవర్మ, తర్వాత మహేంద్రవిక్రముడు, ఆయన కొడుకులు గుణముదితుడు, పుణ్యకుమారుడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే రాతి మీది ధనంజయుడు ఒక వంశంలో కుదురుకుంటాడు. చరిత్రకారులు నీలకంఠశాస్త్రి, మల్లంపల్లి సోమశేఖరశర్మ లాంటి పెద్దల తరం కళ్లు కాయలు కాసేలా ఈ పని చేసింది, అందుకే రేనాటి చోళులు అనే మాట ఈరోజు మన పాఠాల్లో ఉంది.

ఇక వీరగల్లులు, అంటే పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు. శాసనాల్లో దొరలు కనిపిస్తే, వీటిలో ఊరివాళ్లు కనిపిస్తారు. ఊరి పసుల్ని శత్రువులు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చిపోయినవాడు, దొర వెంట యుద్ధానికి వెళ్లి తిరిగి రానివాడు. రాయి మీద కత్తి, విల్లు పట్టుకున్న బొమ్మ, దాని పక్కనో పైనో నాలుగు ముక్కలు రాత. తొమ్మిదో శతాబ్దంలో బాణులు, వైదుంబులు, నొళంబులు, గంగులు అనే రాజవంశాలు కలబడ్డ సోరెమడి యుద్ధం గురించి మనకి తెలిసిందంటే, ఎక్కువగా మదనపల్లె వైపు ఊళ్లలో నిలబెట్టిన ఇలాంటి రాళ్ల వల్లే. ఒకే యుద్ధం, వేరు వేరు ఊళ్లలో దాని జ్ఞాపకాలు. ఆ రాళ్లన్నీ మ్యాపు మీద గుర్తు పెడితే ఏ ఊళ్ల నుంచి మనుషులు ఆ పోరుకి వెళ్లారో బయటపడుతుంది. జిల్లాకో జట్టు కూర్చుని చేయాల్సిన పని ఇది, ఎవరైనా పూనుకుంటే బాగుండు.

అందుకే రాయిని ఉన్నచోటు నుంచి కదిపితే నాకు టెన్షన్ వస్తుంది. మ్యూజియంలో భద్రంగానే ఉంటుంది, కానీ ఏ చెరువు గట్టున, ఏ పొలిమేరలో నిలబెట్టారో రాసిపెట్టకపోతే సగం సాక్ష్యం పోయినట్టే. ఊళ్లో ఉన్నవాటికి ఇంకో కష్టం, భక్తితో పసుపు, సున్నం, ఆయిల్ పెయింటు పూస్తారు, అక్షరాలు పూడుకుపోతాయి. గుప్తనిధుల పిచ్చితో పగలగొట్టేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మీ ఊళ్లో రాత ఉన్న రాయి కనిపిస్తే గీకకండి, సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి. పొద్దునో సాయంత్రమో ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీయండి, అప్పుడే గాట్లు తేటగా కనిపిస్తాయి. నాలుగు వైపులా తీయండి, ఎందుకంటే చాలా రాళ్లకి వెనకవైపు కూడా రాత ఉంటుంది. రాయి ఎటు చూస్తోందో, దగ్గర్లో గుడి, చెరువు, పాత దారి ఏమున్నాయో, ఊరి పెద్దలు దాన్ని ఏమని పిలుస్తారో కూడా రాసుకోండి. ఆ వివరాలతో సహా పురావస్తు శాఖ వాళ్లకి పంపితే, చదవగలిగినవాళ్ల చేతికి అందుతుంది.