గుంటూరులో గుంటూరు స్పెషల్

“గుంటూరు స్పెషల్ చెప్పమంటారా, మామూలుదా?” అని అడిగాడు ఆ కుర్రాడు. బెంగళూరులోనో వైజాగ్‌లోనో అడిగితే సరేలే అనుకుందును. అడిగింది అరండల్‌పేటలో. బ్రాడీపేట నుంచి నడుచుకుంటూ వెళ్ళాం మేము. ఊరి నడిబొడ్డున కూర్చున్నవాళ్ళకి ఊరి పేరు పెట్టిన కోడివేపుడు, మామూలు దానికంటే అరవై రూపాయలు ఎక్కువ. అప్పట్నుంచీ మనసులో అదే నలుగుతోంది. అందరూ పడుకున్నారు. రాస్తేగానీ నాకు నిద్ర పట్టేట్టు లేదు.

రేపట్నుంచి మావారికి మిర్చి యార్డు, ఎల్లుండి పిల్లలకు బడి. సెలవుల్లో ఆఖరి సాయంత్రం కదా, పొయ్యి వెలిగించొద్దు, బయటికెళ్దాం అన్నారు. వేసవంతా బయటి తిండే తిన్నాం, ఇంకేం బయట అన్నాను నేను. “పోనీలే అమ్మాయ్, ఇంకో పూట” అన్నారు అత్తయ్య. ఆవిడ అంత తొందరగా ఒప్పుకున్నారంటే ఆ హోటలు మీద ముందునుంచే కన్నుందన్నమాట.

నేను “మామూలుది” అనబోతుండగానే అత్తయ్య “స్పెషలే తీసుకురా నాయనా” అన్నారు. వచ్చింది. ఎర్రగా ఉంది. మిరప్పొడి ఎరుపు కాదది, వేళ్ళకంటుకుంటే సబ్బుకు కూడా పోని ఎరుపు. రెండో ముద్దకే అత్తయ్యకు పొలమారింది. కళ్ళల్లో నీళ్ళు, ఎక్కిళ్ళు. నేను వీపు నిమురుతున్నాను. ఆ కుర్రాడు చల్లటి నీళ్ళసీసా తెచ్చి, మూత తిప్పి మరీ పెట్టాడు. బిల్లులో అదీ పడింది. మజ్జిగ ఉందా అంటే, మధ్యాహ్నం భోజనంలోనేనట, రాత్రిపూట ఉండదట. పోనీ పెరుగు? పెరుగన్నం చేయిస్తాం, ఇరవై నిమిషాలు ఆగాలన్నాడు. ఆపైన ఒక మాట కూడా అన్నాడు: “గుంటూరు కదమ్మా, ఆమాత్రం ఉండాలి.”

నాకు చెప్తున్నాడు!

మావారు ఏమీ అనలేదు. మసాలా కొంచెం వేలి కొసన తీసి లైటుకేసి పట్టి చూశారు, నాలిక మీద వేసుకున్నారు. యార్డులో ఏళ్ళ తరబడి గుమస్తాగా ఉన్న మనిషి, ఇంట్లో పచ్చడి వేసినా ముందు అలాగే చూస్తారు. “తేజ దట్టించారు. 334 కాదు. రంగు వేరే కలిపారు” అన్నారు. అంతే, ఇక తినలేదు. రెండూ మిరప రకాలే. 334 అంటే సన్నం రకం. భౌగోళిక గుర్తింపు ఉన్న మన గుంటూరు సన్నం వేరు, ఈ తేజ వేరు. సన్నంలో ఘాటుతోపాటు రంగూ ఉంటుంది, కూరలో పడితే వాసన తెలుస్తుంది. తేజ సన్నంకంటే బాగా ఘాటు, చైనాకు ఎక్కువగా పోయేది ఆ కాయే. ఇళ్ళల్లో సంవత్సరానికి కారం పట్టించుకునేవాళ్ళు 334 కొని, ఘాటు చాలదనుకుంటే గుప్పెడు తేజ కలుపుతారు, రంగు కావాలంటే కాస్త బ్యాడిగి కాయ. ఒక్క తేజ పట్టుకొచ్చి కూరలో గుమ్మరించి దానికి ఊరి పేరు తగిలించడం ఏమిటి? సీజన్లో రోజుకు లక్ష టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దిగే ఊరు ఇది. ఇక్కడ కాయకు కరువా?

అసలు ఈ వేసవంతా నాకు ఇదే గోల. యార్డుకు సెలవులిస్తేగానీ ఆయనకు ఊరు కదిలే వీలుండదు కాబట్టి మా తిరుగుళ్ళన్నీ ఎండల్లోనే. ముందు బెంగళూరు, ఆడపడుచు వాళ్ళింటికి. అక్కడ ఆంధ్రా భోజనం హోటళ్ళకు కొదవలేదు. అరిటాకు వేసి, పప్పూ పొడీ నెయ్యీ బాగానే వడ్డిస్తారు, కాదనను. కానీ ఆంధ్రా చిల్లీ చికెన్ అని పచ్చిమిర్చి ముద్దలో ముంచిన కోడి ఒకటి తెచ్చిపెట్టారు. మా పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ అలా వండగా నేను చూడలేదు. ఇంకోచోట గుంటూరు చికెన్ అని కార్డులో రాసి, పేరు పక్కన మూడు మిరపకాయల బొమ్మలు వేశారు. బుజ్జి అది చూసి “అమ్మా, మన ఊరు!” అని సంబరపడింది. ఒక ముక్క తిని ప్లేటు నా వైపు జరిపింది.

తర్వాత గోదావరి జిల్లాలు. అక్కడ తిండి గురించి నాకు ఫిర్యాదు లేదు. రాజమండ్రిలో రోజ్‌మిల్కు, అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకుల బుట్టలో ఉడికిన ఇడ్లీకి ఆ ఆకు వాసన పట్టేస్తుంది, పచ్చడి లేకుండానే రెండు తినేశాను. కాకినాడలో సుబ్బయ్యగారి హోటల్లో వద్దన్నా వినకుండా వడ్డించారు, చిన్నోడు లేవలేక కూర్చుండిపోయాడు. అన్నవరంలో ప్రసాదం, ఆకులో కట్టింది, వెచ్చగా. ఇవన్నీ బాగున్నాయి. కానీ దారిలో ఒక భోజనాల హోటలాయన ఏ ఊరని అడిగి, చెప్పగానే “గుంటూరా అండీ! అయితే మా కూరలు మీ నోటికి ఆనవండి, ఉండండి” అని లోపలికెళ్ళి చిన్న గిన్నెలో పొడి కారం తెచ్చి మా మధ్య పెట్టాడు. మర్యాదకే పెట్టాడు పాపం. ఆ పనసపొట్టు కూర ఎంత బాగుందో! దాని మీద కారం చల్లుకుని తినేవాళ్ళలా కనిపించామా?

అరకులో అయితే నాకు ఏడుపొచ్చినంత పనైంది. బొంగు చికెన్ తినాలని ఎప్పట్నుంచో. వెదురు బొంగులో ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె పోయరు. ఆ వెదురులో ఊరే నీటితోనూ మాంసం రసంతోనూ మగ్గిపోతుంది. రోడ్డు పక్కన ఒకావిడ దగ్గర ఆగాం. మావారు మాటల్లో ఊరి పేరు చెప్పారు. అంతే, ఆవిడ నవ్వి, ముక్కలకు ఇంకో రెండు చెంచాల కారం పట్టించింది. వెదురు వాసన కోసం అంతదూరం ఘాట్‌రోడ్డు ఎక్కితే, నోట్లో మిగిలింది మంట. ఆవిడనేమీ అనలేకపోయాను, మా కోసమే వేసింది కదా.

మన ఇళ్ళల్లో రోజూ ఏం తింటామని వీళ్ళందరి ఉద్దేశం? దోసకాయ పప్పు, పాలు పోసిన బీరకాయ కూర, సొరకాయ పులుసు, మజ్జిగపులుసు. వీటిలో దేనికి కళ్ళు చెమర్చాలి? మా అత్తయ్య చేసే చిక్కుడుకాయ కూరలో కారం ఉందో లేదో వెతుక్కోవాలి. ఎక్కడో ఎవరో మొదలుపెట్టారు, గుంటూరు అంటే మంట అని. అందరూ నమ్మేశారు.

కానీ కొరివికారం?

అది గుర్తొచ్చేసరికి పైన రాసినదాని మీద నాకే అనుమానం వస్తోంది. అమ్మమ్మ వాళ్ళ ఊరు ప్రత్తిపాడు అవతల. వేసవి సెలవులకి వెళ్ళేసరికి కళ్ళాల్లో ఆఖరి కోత కాయ ఆరబోసి ఉండేది. బస్సు దిగీ దిగగానే తుమ్ములు మొదలయ్యేవి, రెండోరోజుకి అలవాటైపోయేది. వంటింటి మూల జాడీలో కొరివికారం. మాఘమాసంలో పెట్టేది అమ్మమ్మ. పండుకాయ కడిగి, పాత చీర మీద నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పేసి రోట్లో దంచి, చింతపండు మధ్యలో పెట్టి జాడీకెత్తేది. మూడోరోజు తీసి మళ్ళీ రుబ్బి మెంతిపొడి కలిపేది. మేం వెళ్ళిన రోజు అందులోంచి కొంచెం తీసి వెల్లుల్లి, ఇంగువ తాలింపు వేసేది. అది కారం కాదని ఎవరైనా అంటే అబద్ధం. చెవుల్లోంచి పొగలొచ్చేవి. అయినా వేడన్నం చూస్తే మళ్ళీ అదే కావాలనిపించేది.

అయితే మొదటి ముద్దలో పెట్టేది కాదు. ముందు ముద్దపప్పు, దాంట్లో చారెడు నెయ్యి. అది సగం తిన్నాక పళ్ళెం అంచున గోరంత కొరివికారం, దాని పక్కనే ఉసిరికాయంత వెన్నపూస. వెన్న లేని రోజున జాడీ మూత తీసేది కాదు. ఎంత ఏడ్చినా సరే. “కడుపులో ముందు నెయ్యి పడాలి” అనేది. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళకు కరగదు, కొవ్వుకు లొంగుతుంది. బుజ్జి తన సైన్సు పుస్తకం తెరవకముందే అమ్మమ్మ చేతికి తెలిసిన సంగతి ఇది.

కోతలకి కర్నూలు వైపు నుంచి కూలీలు కుటుంబాలతో వచ్చేవాళ్ళు. చేల గట్ల మీదే గుడిసెలు. వాళ్ళలో నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. పొద్దున్నుంచీ కాయ ఏరీ ఏరీ, సాయంత్రానికి చేతులు మండిపోయి, ఊపుకుంటూ మా దొడ్డి గుమ్మం దగ్గర నిలబడేది. ఏడ్చేది కాదు. ఏడిస్తే కళ్ళు తుడుచుకోవాలి, తుడుచుకుంటే కళ్ళు మండుతాయి. అది నాకు ఆ పిల్లే చెప్పింది. అమ్మమ్మ చల్ల కుండ కిందికి దించి, గిన్నెలోకి వంచి, ఆ పిల్ల రెండు చేతులూ మణికట్టుదాకా అందులో ముంచి తను కూడా పక్కనే కూర్చునేది. ఆ తర్వాత అరచేతులకి వెన్న రాసేది. అడక్కుండానే. రోజూ. కాయ పండించే ఇంటి మనిషికి ఆ కాయ ఏం చేస్తుందో తెలుసు, తెలిసింది కాబట్టి చల్ల సిద్ధంగా ఉంచుకునేది. చిన్నప్పుడు నాకది పెద్ద విషయంగా తోచలేదు. ఇవాళ అత్తయ్య వీపు నిమురుతూ నీళ్ళసీసా కేసి చూస్తుంటే ఆ కుండే కళ్ళముందు.

కాబట్టి కారం మనది కాదని అనలేను. మనదే. నా కోపం కారం మీద కాదు. ఆ పేరుతో అంత మంట పళ్ళెంలో పెట్టి, పక్కన చుక్క మజ్జిగ పెట్టకపోవడం మీద. ఓర్చుకుంటారా లేదా అని చూస్తూ నిలబడటం మీద.

ఆ కుర్రాడిని కూడా ఏమీ అనబుద్ధి కావట్లేదు ఇప్పుడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడట, మావారు అడిగారు. గుంటూరంటే ఏమిటో వాడికి ఎవరు చెప్పారు? మనవాళ్ళే. బెంగళూరులో బావగారి ఎదుట పచ్చిమిరపకాయ కరకరా నమిలి “మాకిది లెక్కా” అన్నది ఎవరు? మావారే. అన్నీ తెలిసిన మనిషి! ఆ రాత్రంతా కడుపు పట్టుకుని తిరిగారు. కాకినాడ నుంచి వైజాగ్ దాకా ప్రతి హోటల్లో “మాది గుంటూరు” అని ముందే చెప్పింది అత్తయ్య. ఆవిడ పుట్టింది తెనాలిలో. ఇవాళ స్పెషల్ తెప్పించిందీ ఆవిడే. ఇంటికొచ్చాక రెండు గ్లాసుల మజ్జిగ తాగి, కాస్త నిదానించాక ఏమన్నారో తెలుసా? “పొలమారిందిగానీ, బాగానే ఉందమ్మాయ్.” అప్పుడు నాకు వచ్చిన కోపం హోటల్లో కూడా రాలేదు. చిన్నోడు వెంటనే అందుకున్నాడు, మళ్ళీ ఎప్పుడు వెళ్దాం అని. ఎరుపు ఇంకా వదల్లేదు వాడి వేళ్ళకి.

సరే, వెళ్దాం. కానీ ఈసారి కూర్చునే ముందు యజమానితో మాట్లాడతాను. మావారు వద్దంటున్నారు, మనకెందుకు అంటున్నారు. మనకే. ఆ పళ్ళెం పక్కన చిన్న గిన్నెలో వెన్నపూస పెట్టమని, రాత్రిపూట కూడా ఒక కుండ మజ్జిగ కలిపి ఉంచమని చెప్తాను. దానికి ఇరవై రూపాయలు వేసుకుంటే వేసుకోనీ, ఇస్తాం. అరవై ఇచ్చాం కదా.