పని కమిషనర్‌ది, ఆర్డర్ కలెక్టర్‌ది: విపత్తు చట్టం నాకు ఎలా ఎక్కిందంటే

గ్రూప్-1 మెయిన్స్‌కి రాసిన ఒక మాక్ టెస్ట్‌లో "విపత్తు సమయంలో నగర పాలనాధికారుల అత్యవసర అధికారాలు, విధులు వివరించండి" అని అడిగారు. "అత్యవసర" అనే మాట కనబడగానే నా పెన్ను ఆగలేదు. రాజ్యాంగంలోని ఎమర్జెన్సీ, రాష్ట్రపతి పాలన ఆర్టికల్స్ 352, 356, 360 అంటూ రెండు పేజీలు నింపేశాను. 15 మార్కులకు 2 వచ్చాయి, అవి కూడా చేతిరాతకే అయ్యుంటాయి. పేపర్ దిద్దిన సారు మార్జిన్‌లో ఒక్క ముక్క రాశారు: "వరద వస్తే రాష్ట్రపతి పాలన పెడతారా?"

ఆ రోజు నవ్వు రాలేదు గానీ, ఆ ముక్క వల్లే విపత్తు నిర్వహణ చట్టం, 2005 అసలు పాఠాన్ని పట్టుకున్నాను. మొదట వచ్చినప్పుడు 79 సెక్షన్లు, భయపడేంత పెద్దదేం కాదు. 2004 సునామీ తర్వాతి సంవత్సరం వచ్చిన చట్టం. మొదట అందరిలాగే బట్టీ పట్టాను. సెక్షన్ 3 జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, అధ్యక్షుడు ప్రధాని. 14 రాష్ట్ర సంస్థ, అధ్యక్షుడు ముఖ్యమంత్రి. 25 జిల్లా సంస్థ, అధ్యక్షుడు కలెక్టర్. ప్రిలిమ్స్ బిట్లకు ఇది చాలు. మెయిన్స్‌లో మాత్రం రెండో వాక్యానికే సరుకు అయిపోతుంది.

అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. రాత్రి రెండు గంటలు, కుండపోత వాన, నగరంలో ఒక చెరువు కట్ట తెగింది, కింద కాలనీలు మునుగుతున్నాయి. ఇప్పుడు ఎవరు ఏ పని చేయాలి? ఏ ఆర్డర్ మీద ఎవరి సంతకం ఉండాలి? చట్టం పక్కన పెట్టుకుని ఒక్కో పనికీ సెక్షన్ వెతుక్కుంటూ పోయాను.

రోడ్డు మూసేయాలి, ఆ వైపు ఎవరినీ పోనివ్వకూడదు. కూలేలా ఉన్న గోడను, నీటికి అడ్డంగా ఉండి ముంపు పెంచుతున్న కట్టడాన్ని పడగొట్టాలి. జనానికి తిండి, తాగునీరు, తలదాచుకునే చోటు చూపించాలి. ఇవన్నీ సెక్షన్ 34లో ఉన్నాయి, జిల్లా సంస్థ చేతిలో. ఇక్కడ చాలామంది తడబడతారు. మామూలు రోజుల్లో ఆక్రమణలు తొలగించేది మున్సిపల్ చట్టం కింద, నోటీసులూ గడువులూ అన్నీ ఉంటాయి. వరద నడిమధ్య ప్రమాదకరమైన గోడను కూల్చడం వేరే సంగతి. రెండూ కలిపి రాస్తే మార్కులు పోతాయి.

బస్సులు కావాలి, ఒక ఫంక్షన్ హాల్ కావాలి, అవి ప్రైవేటువాళ్లవి. సెక్షన్ 65 ప్రకారం రాతపూర్వక ఆర్డర్‌తో స్వాధీనం చేసుకోవచ్చు. నోటిమాటతో కుదరదు. వెంటనే సెక్షన్ 66 చూడండి. హాల్‌కు ఆ ప్రాంతంలో నడిచే అద్దె లెక్కన, బండికి కిరాయి రేటు లెక్కన పరిహారం కట్టాలి. చాల్లేదనుకున్న యజమాని 30 రోజుల్లోగా ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) దగ్గరికి పంపమని అడగొచ్చు.

నాకు బాగా నచ్చింది సెక్షన్ 50. తెల్లారేలోపు టార్పాలిన్లు, మోటార్లు కొనాలంటే టెండర్ పిలుస్తూ కూర్చోలేం కదా. అందుకని జిల్లా సంస్థ అనుమతిస్తే టెండర్ పద్ధతి రద్దయినట్టే లెక్క. సరుకు ఫలానా పనికి వాడామని బాధ్యుడైన అధికారి ఇచ్చే సర్టిఫికెట్టే వోచర్‌గా చెల్లుతుంది. ఇంత వెసులుబాటు ఇచ్చిన చట్టమే, సహాయ సామగ్రి కాజేస్తే రెండేళ్ల దాకా జైలు అని సెక్షన్ 53లో రాసుకుంది. ఈ రెంటినీ ఒకే పేరాలో పెడితే జవాబు బరువే మారిపోతుంది.

ఇంతవరకూ వచ్చాక నాకో అనుమానం. ప్రశ్న అడిగింది నగర అధికారుల గురించి, నేను రాస్తున్నదంతా కలెక్టర్ గురించి. మరి మున్సిపల్ కమిషనర్ ఎక్కడ? సెక్షన్ 41లో, "స్థానిక సంస్థ" అనే మాట కింద దొరికాడు. సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, పనిముట్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడుకునేలా ఉంచాలి, తమ పరిధిలోని నిర్మాణాలు ప్రమాణాలకు తగ్గట్టు ఉండేలా చూడాలి, సహాయ, పునరావాస పనులు చేయాలి. అన్నీ "చేయాలి"లే. పైగా జిల్లా సంస్థ ఆదేశాలకు లోబడి! అంటే మురుగు కాలువ ఎక్కడ పూడిందో, మోటారు ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషికి చట్టం విధులు ఇచ్చింది, ఆర్డర్ వేసే అధికారం మాత్రం కలెక్టర్‌కు ఇచ్చింది. నా జవాబుకు వెన్నెముక ఇదే అయింది.

కమిషనర్‌కు సొంతంగా ఏమీ లేదని రాసేయకండి. 1888 నాటి ముంబయి కార్పొరేషన్ చట్టంలోనే, ప్రాణాలకు ముప్పు వచ్చే హఠాత్ సంఘటన జరిగితే కమిషనర్ తక్షణ చర్య తీసుకుని, ఆ తర్వాత పాలకవర్గానికి నివేదించే ఏర్పాటు ఉంది. విపత్తు చట్టం కంటే వందేళ్లు పెద్దది. ఈ ఉదాహరణ దాదాపు ఎవరూ రాయరు.

పాత నోట్సు మీద చదివేవాళ్లు ఒకటి సరిచేసుకోండి. విపత్తు చట్టానికి చేసిన సవరణ 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. రాష్ట్ర రాజధానులకు, కార్పొరేషన్ ఉన్న నగరాలకు రాష్ట్ర ప్రభుత్వం విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టొచ్చు. ఢిల్లీ, చండీగఢ్‌లకు ఇది వర్తించదు. ఇందులో అధ్యక్షుడు మున్సిపల్ కమిషనర్, ఉపాధ్యక్షుడు కలెక్టర్. కుర్చీలు తారుమారయ్యాయి చూశారా? "పెట్టొచ్చు" అన్న మాట కింద గీత గీసుకోండి, "పెట్టాలి" కాదు.

శిక్షల సెక్షన్లు త్వరగా చూసుకుంటే సరిపోతుంది. అడ్డుపడితే 51, తప్పుడు హెచ్చరికతో జనాన్ని బెదరగొడితే 54. 56 మాత్రం వదలొద్దు. పై అధికారి రాతపూర్వక అనుమతిగానీ చట్టబద్ధమైన కారణంగానీ లేకుండా విధి వదిలి వెళ్లిన అధికారికి ఏడాది దాకా జైలు లేదా జరిమానా. దానికి జోడీ 73, సద్బుద్ధితో చేసిన పనికి కేసుల నుంచి రక్షణ. నిషేధాజ్ఞల గురించి రాసేటప్పుడు సీఆర్పీసీ (పాత నేర విచారణ చట్టం) సెక్షన్ 144 అనే పాత అలవాటు చేతిలోంచి ఓ పట్టాన పోదు. 2024 జులై 1 నుంచి అది బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 163.

రెండు నెలల తర్వాత ఇంచుమించు అదే ప్రశ్న మళ్లీ రాశాను. పేజీకి అడ్డంగా ఒక గీత గీసి పైన రాత్రి రెండు, కింద తెల్లవారుజాము ఆరు అని పెట్టి, మధ్యలో ఏ గంటకు ఎవరి సంతకమో రాశాను. ఈసారి 9. మార్జిన్‌లో 144 చుట్టూ ఎర్ర సున్నా.