పాలగిన్నెలో థర్మోస్టాట్

మొన్న విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకింది. పక్కకు ఆపి, బానెట్ ఎత్తి ముప్పావు గంట కూర్చున్నాం. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి పోలేదు.

షెడ్డులో రేడియేటర్ మార్చాలన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. కూలెంట్ నిండుగానే ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఇంజిన్ మరిగిపోతున్నా రేడియేటర్ కింది గొట్టం మాత్రం చల్లగా ఉంది. రేడియేటర్ పూడుకుపోయినా ఇలాగే ఉండొచ్చు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) తెరుచుకోకపోయినా ఇలాగే ఉండొచ్చు. అందుకే ముందు థర్మోస్టాట్ విప్పించి ఇంటికి తెచ్చా.

దాని మీద 82 అని గుద్ది ఉంది. అంటే 82 డిగ్రీల దగ్గర లోపలి మైనం కరిగి, ఉబ్బి, వాల్వును తెరవాలి. దారం కట్టి, పొయ్యి మీద పాలగిన్నెలోని నీళ్లలో వేలాడదీశా. నీళ్లు తెర్లాయి, అది మాత్రం ఉలకలేదు, పలకలేదు! కొత్తది అదే గిన్నెలో వేస్తే నీళ్లు మరగకముందే మెల్లగా నోరు తెరిచింది. ఎంత ముచ్చటేసిందో.

కొత్త గ్యాస్కెట్‌తో బిగించి, కూలెంట్ పోసి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజిన్ ఆన్‌లో ఉంచాం. ఇప్పుడు ముల్లు సగం దగ్గరే నిలబడుతోంది.

పాలగిన్నె మాత్రం కారు డిక్కీలో ఉంది. మా ఆవిడ దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. కూలెంట్ విషం కదా, ఆవిడ మాటే రైటు.