బోడికొండ మీదికి మూడోసారి

ఈ ఏడాది ఇంగ్లండ్‌లోని మా బోల్టన్ చుట్టుపక్కల ఉన్న కొండలు ఆరు ఎక్కాలని లెక్క పెట్టుకున్నాను. ఏప్రిల్ చివరికి అయినవి రెండు. రెండోది వింటర్ హిల్. ఎత్తు 456 మీటర్లే, దానికే నాకు మూడు ప్రయాణాలు పట్టింది. ఫొటోలు చూసి మా అమ్మ వీడియో కాల్‌లో, "ఆ బోడికొండ కోసమా మూడుసార్లు పోయావు?" అంది. బోడి అన్నమాట నిజమే. పైన చెట్టన్నది లేదు. ఎండుగడ్డి, మోకాలెత్తు హెదర్ పొదలు, వాటి కింద నీళ్లు పీల్చుకున్న నల్లటి పీట్ నేల, అంటే సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న మెత్తటి నేల. ఇక్కడివాళ్లు దీన్ని మూర్ అంటారు.

జనవరి, మొదటిసారి

అలిపిరి మెట్లు 3,550 ఎక్కిన కాళ్లు కదా, ఇదెంత అనుకుని మామూలు రన్నింగ్ షూస్‌తో బయల్దేరాను. రివింగ్టన్ పైక్ దాకా ఏ ఇబ్బందీ లేదు. 363 మీటర్ల ఎత్తులో చిన్న గుట్ట, చివర్లో నిటారుగా రాతిమెట్లు, పైన నలుచదరపు రాతి గది. జాన్ ఆండ్రూస్ అనే భూస్వామి 1733లో వేట విడిది కోసం కట్టించాడు. అంతకుముందు ఆ చోట ప్రమాద సూచనగా మంట వెలిగించేవారట. కిటికీలు మూసేశారు, లోపలికి పోవడానికి లేదు. గాలి కొడుతుంటే దాని గోడచాటున కూర్చుని పులిహోర తినొచ్చు. నేనైతే అదే చేశాను.

అక్కణ్ణుంచి వింటర్ హిల్ మీది టీవీ టవర్ చెయ్యి చాపితే అందేటట్టు కనిపించింది. పది నిమిషాల్లో పొగమంచు దిగింది, టవర్ మాయమైంది. గట్టి నేలనుకుని వేసిన అడుగు పిక్కదాకా దిగబడింది. వెనక్కి తిరిగాను. షూ బయటికి లాగడానికి పట్టిన టైమ్ గురించి రాయను.

ఫిబ్రవరి, రెండోసారి

కొత్త బూట్లు, మడమలపైకి వచ్చేవి, 70 పౌండ్లు. అవి సిద్ధంగా ఉన్నా ఆరోజు వాన వదల్లేదు. పైకి పోకుండా కొండ పక్కవాలులో ఉన్న టెర్రస్ తోటల్లోనే మూడు గంటలు గడిపాను. నాకైతే ఈ ట్రిప్పే ఎక్కువ నచ్చింది.

ఈ తోటలు వేయించింది సబ్బుల విలియం లీవర్, 1851లో బోల్టన్‌లోనే పుట్టినవాడు. మా నాన్న బావి దగ్గర రుద్దుకునే ఎర్ర లైఫ్‌బాయ్ సబ్బు ఈయన కంపెనీదే. ఆ డబ్బు ఇక్కడ రాతిమెట్లు, వంతెనలు, జపనీస్ చెరువు అయిందని తెలిశాక కాసేపు ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. తోటల ప్లాను థామస్ మాసన్‌ది. ఎగువన సన్నగా నిలబడ్డ పిజన్ టవర్ 1910 నాటిది. కింది అంతస్తుల్లో పావురాలు, పై గదిలో లీవర్ భార్య కుట్టుపని.

తోటల మధ్య ఇల్లు మాత్రం లేదు. 1901లో కట్టిన చెక్క బంగళాను 1913 జూలైలో ఈడిత్ రిగ్బీ తగలబెట్టింది. మహిళలకు ఓటుహక్కు కోసం పోరాడినవాళ్లలో ఒకామె. తర్వాత రాతితో మళ్లీ కట్టారు, అదీ కూల్చేశారు. ఇప్పుడు నేల పలకలు కొన్ని మిగిలాయి. వానలో అవి జారతాయి, జాగ్రత్త.

కింద రిజర్వాయర్ ఒడ్డున ఉన్న కోట శిథిలం నిజం శిథిలం కాదు. లివర్‌పూల్ కోట పాడుపడ్డ రూపానికి నకలుగా లీవర్ 1912లో మొదలుపెట్టించాడు, 1925లో ఆయన పోయేనాటికి పూర్తి కాలేదు. పాడుపడ్డట్టు కట్టబోయింది మధ్యలో ఆగిపోయిందన్నమాట!

ఏప్రిల్, మూడోసారి

ఈసారి ముందురోజు వాతావరణం చూసుకున్నాను, వారం వాన లేదు. గ్రేట్ హౌస్ బార్న్ దగ్గర కారు పెట్టి 9:10కి బయల్దేరాం, నేను, మా ఆఫీసు అక్క ఒకావిడ. రైల్లో వచ్చేవాళ్లకు హార్విచ్ పార్క్‌వే స్టేషన్ నుంచి పైక్‌కు ఐదారు కిలోమీటర్ల నడక. తోటలు, పిజన్ టవర్, పైక్, టూ ల్యాడ్స్, అక్కణ్ణుంచి టీవీ టవర్, మళ్లీ కిందికి. ఫోన్ లెక్క ప్రకారం 12 కిలోమీటర్ల పైచిలుకు, ఆగినవి కలుపుకుని నాలుగున్నర గంటలు.

టూ ల్యాడ్స్ అంటే రెండు రాళ్ల కుప్పలు. మంచులో దారితప్పి చనిపోయిన ఇద్దరు కుర్రాళ్ల గుర్తని జనం చెప్పుకుంటారు. జనవరిలో నా కాలు దిగబడకపోయి ఉంటే కథేలే అనుకునేదాన్ని.

టీవీ టవర్ 309 మీటర్లు. దగ్గరికెళ్తే చూపు కంటే చెవికే ముందు తెలుస్తుంది. దాన్ని పట్టి ఉంచిన ఇనుప తీగలు గాలికి హోరుమంటాయి. టవర్ కింది టీవీ స్టేషన్ గోడకు ఒక ఫలకం ఉంది. 1958 ఫిబ్రవరి 27న ఐల్ ఆఫ్ మ్యాన్ నుంచి మాంచెస్టర్ వస్తున్న విమానం ఇక్కడ కొండను ఢీకొట్టింది. విమానాలకు దారి చూపే సిగ్నల్ పంపే విగాన్ రేడియో బీకన్‌కు బదులు ఓల్డ్‌హామ్‌ది పట్టుకోవడంతో దారి తప్పారు. 42 మందిలో 35 మంది పోయారు. కొన్ని వందల గజాల అవతలే ఉన్న స్టేషన్ సిబ్బందికి, బతికినవాడొకడు మంచులో నడిచొచ్చి చెప్పేదాకా తెలియలేదు. అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఎదురుగానే రోడ్డు అవతల ఇంకో ఇనుప స్తంభం. 1838లో ఇక్కడ హత్యకు గురైన జార్జ్ హెండర్సన్ అనే స్కాట్లండ్ యువకుడి గుర్తు.

ఎత్తైన చోటును సూచించే సర్వే స్తంభాన్ని 11:50కి ముట్టుకున్నాను. దిగేటప్పుడు నా ఎడమ మడమ బొబ్బ. సాక్సులు రెండు జతలు వేసుకోవాల్సింది.

సెప్టెంబర్‌లో మళ్లీ ఇదే కొండకు, ఈసారి బోల్టన్ వైపు నుంచి. అటువైపు దారిని భూస్వామి కల్నల్ ఐన్స్‌వర్త్ మూసేస్తే, 1896 సెప్టెంబర్ 6న సుమారు పదివేలమంది ఊళ్లోంచి నడిచి గేటు దాటి పైకి పోయారు. కోర్టులో గెలిచింది కల్నలే. కొండల్లో నడిచే హక్కు కోసం జనం ప్రైవేటు నేలలోకి చొరబడిన ఘటనల్లో ఇక్కడ అందరికీ తెలిసిన కిండర్ స్కౌట్ చొరబాటు దీని తర్వాత 36 ఏళ్లకు జరిగింది. నా లెక్కలో సెప్టెంబర్ ఎక్కుడును కొత్త కొండగా వేసుకోవచ్చా అని అక్కనడిగితే, "వేసుకోవే, ఎవరడుగుతారు" అంది.

బూట్లు ఇంకా ఆరలేదు. రేడియేటర్ మీద పెడితే తోలు పగులుతుంది, అందుకే లోపల పాత పేపర్లు కుక్కి గుమ్మం దగ్గర పెట్టాను.